సంద్రంలో బావి

కోస్గి చుట్టుపక్కల ఏ ఊళ్లో పాత బావి పూడిక తీయాలన్నా ముందుగా ఈదమ్మకు కబురు వచ్చేది. గాసునూనె బుడ్డి వెలిగించి, చిన్న గంపలో కుదురుగా నిలబెట్టి, గంపకు తాడు కట్టి ఆమే బావిలోకి దించేది. దీపం అడుగుదాకా ఆరకుండా పోతే "ఇగ దిగుండ్రి బిడ్డా" అనేది. నడుమనే ఆరిపోయిందంటే తాడు పైకి లాగేసుకుని బావి ఒడ్డున అడ్డంగా కూర్చునేది. పటేలు వచ్చి గద్దించినా లేచేది కాదు. వేపమండలు కట్టకట్టి తాడుతో పైకీ కిందికీ ఆడించి, రెండు కడవల నీళ్లు పైనుంచి కుమ్మరించి, మళ్లీ దీపం దించి చూసి, అది నిలిస్తేనే మనుషులను దిగనిచ్చేది.

ఆమె మొగుడు చెన్నయ్య అట్లాంటి బావిలోనే పోయాడు. చూస్తే ఏమీ లేని బావి. మోకాళ్లు మునిగేంత నీళ్లు కూడా లేవు. జారిపడిన బిందెను తీసుకొస్తానని నవ్వుతూ దిగాడు, పైనున్న వాళ్లతో మాట్లాడుతూనే దిగాడు. బిందె మీద చెయ్యి వేశాడు, అట్లాగే దాని పక్కన ఒరిగిపోయాడు. నిద్రపోయినట్టే ఉన్నాడు. బావి అడుగున చెడుగాలి పేరుకుంటుందనీ, దీపం బతకని చోట మనిషీ బతకడనీ ఒక ముసలాయన చెప్పాడు గానీ, అప్పటికే చెన్నయ్యను మట్టి చేసి వచ్చేశారు.

ఆ రోజునుంచి భయం ఈదమ్మ ఇంట్లోనే కాపురం పెట్టింది. మబ్బు పడితే పిడుగు తన కొడుకు మీదే పడుతుందనుకునేది. లారీ చప్పుడు వినబడితే దాని చక్రాల కింద కొడుకు ఉన్నట్టే కనబడేది. వాడు సంత నుంచి కాస్త పొద్దుపోయి వచ్చాడంటే ఈలోపల ఆమె మనసులో పాము కరవడం, మంత్రగాణ్ని పిలవడం, పాడె కట్టడం దాకా అన్నీ జరిగిపోయేవి. నీళ్లకాడ ఆడవాళ్లకు ఇదొక నవ్వులాట.

"ఏమత్తా, నిన్న నీ కొడుకును ఏది మింగింది? పామా, లారీయా?"

"నవ్వుండ్రే, నవ్వుండ్రి. నవ్వేటోళ్లకేం. కన్నంక తెలుస్తది" అనేది ఈదమ్మ.

ఆ ఒక్క కొడుకు మొగులప్ప. పెండ్లీడుకొచ్చిన పిల్లవాడు. తండ్రి లాగే బావులు తవ్వే గుంపులో చేరాడు. నెత్తిన పిడుగు పడ్డా నింపాదిగా ఉంటాడు గానీ మాట అంటే మాటే, ఒట్టంటే ఒట్టే. కల్లు ముట్టనని చిన్నప్పుడు తల్లి మీద ఒట్టేసి, మేనమామ పెండ్లిలో అందరూ కలిసి బలవంతం చేసినా పెదవి తడపలేదు.

ఆ యేడు వానల్లేవు. బావి తవ్వించే తాహతు ఎవరికీ లేదు. సాగర్ కట్టకాడ రాయి పగలగొట్టే పని కూడా సగం సగమైంది. అప్పుడు నార్కట్‌పల్లి వైపు నుంచి భిక్షపతి మేస్త్రీ వచ్చాడు. సాగర్ పనికి గుంపులను తోలుకుపోయింది ఆయనే కాబట్టి ఊరంతా ఎరుగును. ఈసారి ఆయన నోట కొత్త మాట వచ్చింది.

"అరబ్బు దేశం కాడ సంద్రంల బావులు తవ్వుతుండ్రు. బావులు దిగేటోళ్లే కావాలంట. పాలమూరోళ్లయితే ఇంక మంచిదన్నరు."

ఈదమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నీళ్లల్ల బావేందయ్యా? నీళ్ల కొరకు గదా బావి తవ్వేది!"

"నీళ్ల బావి గాదు తల్లీ, నూనె బావి. మన బుడ్డీలల్ల పోసే గాసునూనె యాడికెల్లి వస్తదనుకున్నవ్?"

"కోమటి దుకాణంకెల్లి" అంది ఈదమ్మ. గుంపంతా గొల్లున నవ్వింది. ఆమె నవ్వలేదు. సంద్రం అనే మాట విన్నప్పుడే ఆమె కొడుకు సగం మునిగిపోయాడు. దాని అడుగున మళ్లీ బావి అనేసరికి మిగతా సగమూ పోయింది.

ఎంత మొత్తుకున్నా మొగులప్ప ఆగలేదు. "ఇంట్ల కూసుంటె మాత్రం సావు రాదా అమ్మా? మనూరోళ్లు పది మందిమి పోతున్నం. సాయప్ప గూడ వస్తుండు" అన్నాడు. సాయప్ప అంటే పక్కింటి పిల్లవాడే. పెండ్లాం నిండు నెలలతో ఉంది. ఆమె కూడా మొగుణ్ని పొమ్మనే అంది. ఇక ఈదమ్మ మాట ఎవరు వింటారు?

పోయే రోజు పొద్దున్నే కొడుకు మూటలో ఈదమ్మ చిన్న బుడ్డి ఒకటి పెట్టింది. గుడ్డ పేలికలో అగ్గిపెట్టె చుట్టి పెట్టింది. వాడి కుడిచెయ్యి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుంది.

"ఒట్టెయ్ కొడకా. ఏ దేశమన్న కానీ, ఏ బొందన్న కానీ, ముంగట దీపం దించకుంట నువ్వు దిగొద్దు. తొందరున్నదని ఎవడన్న తిట్టనీ, నవ్వనీ. దాసుకోనన్న, దొంగతనంగనన్న దీపం దించి సూసినంకనే కాలు పెట్టాలె. లేకుంటె నేను సచ్చినంత ఒట్టు."

"ఒట్టు" అన్నాడు మొగులప్ప. నవ్వలేదు. తండ్రిని బావిలోంచి పైకి లాగినప్పుడు వాడూ ఆ ఒడ్డునే ఉన్నాడు మరి.

గుంపు లారీలో హైదరాబాదు పోయింది. అక్కడ డాక్టరు చూడాలి, కాగితాలు కావాలి. శుక్రవారం బొంబాయి రైలెక్కుతారని చెప్పి పోయాడు మేస్త్రీ.

ఒట్టు వేయించుకున్న ధైర్యం రెండు పూటలు నిలిచింది. ఆ తర్వాత ఈదమ్మకు మళ్లీ తిండి సయించలేదు. సంద్రంలో గాలి ఎక్కువంటారు, దీపం గాలికి ఆరితే చెడుగాలికి ఆరిందో మంచిగాలికి ఆరిందో వాడికెట్లా తెలుస్తుంది? తాడు పొడుగు చాలకపోతే? ఇట్లా ఆలోచించీ ఆలోచించీ శుక్రవారం తెల్లారగానే కోస్గి బాట పట్టింది. అక్కడ బస్సులు ఆగే చోట యాకూబ్ చాయ్ హోటలుంది. యాకూబ్ ఆ సంద్రం బావులకాడ కొన్నేండ్లు వంట చేసి, కిందటేడే తిరిగి వచ్చాడు. సంద్రం మింగకుండా వదిలిన మనిషిని ఒకసారి కండ్లారా చూస్తే కాస్త నిద్ర పడుతుందని ఆమె ఆశ.

"రా ఈదక్కా, కూసో. గింత పొద్దుగాల్నే దిగినవ్. ఎవరన్న బావిల పడ్డరా?" అన్నాడు యాకూబ్, చాయ్ గిన్నెలో గంటె తిప్పుతూ.

"తోబా తోబా! దుకాణం తెరుస్తనే గా మాటలేంది?" అని లోపలినుంచి అతని పెండ్లాం ఖాతూన్ కసిరింది. "నువ్ కూసో అక్కా. ఈయన నోటికి తాళం లేదు."

"నా కొడుకు పోతుండు తమ్మీ, నువ్ పోయొచ్చిన కాడికే. జర ధైర్నం జెప్పు. యెట్లుంటది గా జాగా?"

యాకూబ్ ముఖం వెలిగింది. ఆ ముచ్చట అడిగేవాళ్లు ఈ మధ్య తగ్గిపోయారు. "జొన్నచేన్ల పిట్టలు కొట్టనీకె మంచె ఎయ్యమా? గట్లనే సంద్రంల ఇనుప కాళ్ల మంచె. కాకుంటె గా మంచె మీద ఒక ఊరుంటది. మిషిన్లు, మనుషులు, నా పొయ్యి, అన్నీ ఆడనే. కింద నీళ్లు. గా నీళ్ల కింద నేల. గా నేలకు గొట్టాలతోని తొర్ర పెడతరు. మనిషి గా తొర్రల దిగడక్కా, ఫికర్ జెయ్యకు. గొట్టమే దిగుతది."

ఈదమ్మకు పోయిన ప్రాణం కొంత లేచొచ్చింది. "మరి ఎవరెవరుంటరు ఆడ? మనోళ్లుంటరా?"

"అదే తమాషా. నేను పోయిన కొత్తల మనోడు అంటె వంటకాడ నేను, గోవా దిక్కోళ్లు ఇద్దరు, గంతే. మిషిన్ల కాడ తెల్లోళ్లు. రాతపని బొంబయోళ్లు. బరువులు మోసేది, మురికి తీసేది ఆ దేశపోళ్లు, ఇంక సంద్రం అవతలి ఒడ్డు బలూచోళ్లు. పెద్దపెద్ద పాగలు, తాటిచెట్టంత మనుషులు. రొట్టెలు కాల్చలేక సచ్చేటోణ్ని. మల్ల నేను వచ్చే యాళ్లకు సూస్తె గా బలూచోళ్లు ఒక్కలు లేరు. మలబారోళ్లు దిగిండ్రు, మద్రాసోళ్లు దిగిండ్రు. రొట్టెలు బందు జేసి అన్నం వండమన్నరు. ఇప్పుడు మీ పాలమూరోళ్లు పోతుండ్రు."

"మరి గా బలూచోళ్లు యాడికి పోయిండ్రు?"

"ఎల్లగొట్టిండ్రు."

"ఎందుకు?"

యాకూబ్ గంటె తిప్పడం ఆపి, మళ్లీ తిప్పాడు. "పెద్దోళ్ల ముచ్చట్లు. మనకెందుకక్కా."

ఈదమ్మకు కొత్త భయం పట్టుకుంది. ఒకరి నోటికాడి కూడు తన కొడుకు తినబోతున్నాడు. వాళ్ల ఉసురు తగలదా? వాళ్ల తల్లులు దుమ్మెత్తి పోయరా? ఆ తాటిచెట్టంత మనుషుల్లో ఎవడైనా కోపం పట్టలేక ఏ చీకట్లోనో... ఆ ఊహను ఆపడానికి ఆమె తనకు తెలిసిన ఒకే ఒక్క ధైర్యాన్ని గట్టిగా పట్టుకుంది.

"ఏదైతేంది. నేను ఒట్టేయించుకున్న. నా నెత్తి మీద చెయ్యి పెట్టిచ్చి ఒట్టేయించుకున్న. ఏ బొందల దిగినా ముంగట దీపం దించాలె. బుడ్డి ఇచ్చిన, అగ్గిపెట్టె ఇచ్చిన. దాసుకోనన్న దించుమన్న."

గంటె యాకూబ్ చేతిలోంచి గిన్నెలోకి జారిపోయింది. వేడి చాయ్ ముంజేతి మీద చిందినా అతను చూసుకోలేదు.

"ఏమన్నవ్? అగ్గిపెట్టె?"

"ఆఁ. ఏమైంది?"

"యా అల్లా! అక్కా, ఏం పని జేసినవే! ఆడ పడవ దిగంగనే జేబులు దులుపుతరు, ఎందుకనుకున్నవ్? బీడీ తాగితె ఆ దినమే వాపస్ పంపుతరు. నా పొయ్యిని గూడ ఇనుప గోడల నడుమ పెట్టి, రోజూ ఒకడొచ్చి సూసి పోయేటోడు. నూనె బావి అంటె నూనె ఒక్కటే కాదు. దాంతోని ఒక గాలి వస్తది. కండ్లకు కనబడదు. గా గాలికి ఇంత నిప్పు సోకిందంటె చాలు, దీపం ఆరుడు గాదక్కా, మనిషి, మంచె, సంద్రం, అన్నీ అంటుకుంటయ్."

హోటలు ముందు బస్సు ఒకటి ఆగింది, జనం దిగారు, ఎవరో చాయ్ అడిగారు. ఈదమ్మకు అవేవీ వినబడలేదు. తాను ఊహించని చావు అంటూ ఇన్నేండ్లలో ఏదీ లేదు. పిడుగును ఊహించింది, పామును ఊహించింది, సంద్రాన్ని ఊహించింది. తన చేత్తో తాను మూటలో కట్టి పంపిన చావును మాత్రం ఊహించలేదు.

"వాడు దించుతడు తమ్మీ" అంది చివరికి. "నా ప్రాణం మీద ఒట్టాయె. జేబులు దులిపితె మూటల పెడతడు. మూట దులిపితె ఇంకేడనో పెడతడు. నేనే జెప్పిన, దొంగతనంగనన్న దించుమని."

ఖాతూన్ బయటికి వచ్చి నిలబడింది. "బొంబాయికి టెలిగ్రాం కొట్టియ్యి జీ. అగ్గిపెట్టె పారెయ్యమని."

"టెలిగ్రాంతోని ఒట్టు పోతదా బిడ్డా?" అంది ఈదమ్మ. "వాని చెయ్యి నా నెత్తి మీదుండె. గా చెయ్యి మల్ల నెత్తి మీద పెట్టిచ్చి నేను తీసేస్తనే పోతది. లేకుంటె ఎవరు జెప్పినా వాడు ఇనడు. నేను సస్తనని భయపడతడు."

యాకూబ్ ఆలోచించాడు. "బొంబాయి రైలు తాండూరు మీదికెల్లే పోతది. పొద్దుగూకక ముందే వస్తది. ఇప్పుడు బస్సెక్కితె అందుకుంటం."

"నమాజు?" అంది ఖాతూన్. శుక్రవారం. అప్పటికే అతను ఉతికిన లాల్చీ తొడుక్కుని ఉన్నాడు. "తాండూర్ల సదువుకో" అని ఖాతూనే చాయ్ గిన్నె అందుకుంది. "పో. చాయ్ నేను పోస్త."

ఇద్దరూ తాండూరు బస్సెక్కారు. కిటికీ బయట ఎండిన కంది చేలు, రాళ్ల గుట్టలు, గొర్రెలమందలు వెనక్కు పోతున్నాయి. ఈదమ్మ అడిగింది.

"ఒక్క మాట జెప్పు తమ్మీ. దీపం దించొద్దంటె, మరి గాలి ఎట్ల జూస్తరు?"

"నేను వంటోణ్నక్కా."

"వంటోడివే. కండ్లున్నయ్ గదా."

యాకూబ్ మెడ వంచుకుని తన అరచేతులు చూసుకున్నాడు. "తొర్రల మనిషి దిగడని జెప్పిన, అది నిజమే. కానీ పైన ఇనుప తొట్లు ఉంటయ్. బావి నుంచి వచ్చిన నూనె నిలవ చేసేటియ్. ఒక్కొక్కటి పెద్ద ఇల్లంత. నూనె తీసేసినంక అడుగున మడ్డి మిగులుతది. మనిషి పారవట్టుకోని దిగి గా మడ్డి ఎత్తాలె. బలూచోళ్ల పని అదే. ఒకరోజు ఇద్దరు దిగిండ్రు. ఎక్కలేదు."

"బిందె మీద చెయ్యి పెట్టి పండినట్టు" అంది ఈదమ్మ, తనలో తాను.

"మిగిలినోళ్లు పారలు కింద పెట్టిండ్రు. ముంగట గాలి సూడండి, గప్పుడు దిగుతం అన్నరు. గంతే మాట. ఒక్కలు తిట్టలేదు, ఒక్కలు కొట్టలేదు. ఊకె కూసున్నరు. రొట్టెలు నేనే తీస్కపోయి ఇచ్చిన. ఒక పొద్దున పెద్ద పడవొచ్చింది. అందర్ని అండ్ల ఎక్కిచ్చి తోలేసిండ్రు. వారం తిరగలే, కొత్త మనుషులు వచ్చిండ్రు. వాళ్లకు గా ఇద్దరి సంగతి ఎవరు జెప్పలే." అతను కిటికీ వైపు తిరిగాడు. "నేను గూడ జెప్పలేదక్కా. జెప్పితె నన్ను గూడ గా పడవలనే ఏస్తరని."

"మరి మా పోరల్నే ఎందుకు అడిగిండ్రు? పాలమూరోళ్లే కావాలని ఎందుకన్నరు?"

"బావులల్ల దిగి బతికేటోళ్లు గదా. బొందను సూసి బెదరరని."

నిజమే. తన ఊరి గుంపు బొందను చూసి బెదరదు. ఎందుకు బెదరదో ఈదమ్మకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఇన్నేండ్లుగా తాను ఒడ్డున అడ్డంగా కూర్చుని దీపం దించి చూసి, దిగమన్నాకే దిగారు. ఒక్కడు పోలేదు. పోకపోయేసరికి బావి అంటే వాళ్లకు ఇంటి గడప అయిపోయింది. తన భయం వాళ్ల భయాన్నంతా తినేసింది. ఇప్పుడు ఆ భయం లేని పిల్లలనే ఏరుకుని తోలుకుపోతున్నారు.

తాండూరు స్టేషనులో నాపరాళ్ల బండలు దొంతర్లు పేర్చి ఉన్నాయి. ఎండకు కాలుతున్న ఒక బండ మీద యాకూబ్ తువ్వాలు పరిచి నమాజు చదువుకున్నాడు. ఈదమ్మ పట్టాల వైపే చూస్తూ నిలబడింది. రైలు రాదేమో అనుకుంది. వచ్చి ఆగదేమో అనుకుంది. ఆగినా వాళ్లు ఇందులో లేరేమో, నిన్ననే పోయారేమో అనుకుంది. ఆఖరికి కూత వినబడింది. యాకూబే చెయ్యి పట్టి లాక్కుపోయాడు.

"మొగులా! ఓ మొగులప్పా!" అని పెట్టె పెట్టెకూ అరుచుకుంటూ పోయింది.

"ఈదమ్మత్తా!" అని ఒక కిటికీలోంచి సాయప్ప తల బయటపెట్టాడు. "అరేయ్ మొగులా, మీయమ్మ ఈడికి గూడ వచ్చిందిరో! పామొచ్చిందేమో సూడు!"

పెట్టెంతా నవ్వు. మొగులప్ప తోసుకుంటూ తలుపు దగ్గరికి వచ్చి దూకాడు. "ఏమైందమ్మా? ఎవరికేమైంది?"

"అగ్గిపెట్టె ఏది?"

"మెల్లగ" అన్నాడు మొగులప్ప, అటూ ఇటూ చూసి. "హైదరాబాదుల్నే పారెయ్యమన్నరు. అందరు పారేసిండ్రు. నేను గొంగడి అంచు ఇప్పి లోపల పెట్టి కుట్టిన. ఎవడు సూడలే. నువ్ ఫికర్ జెయ్యకు."

ఈదమ్మ కొడుకు భుజం పట్టుకుంది. అనుకున్నదంతా అనుకున్నట్టే ఉంది. ఆమె భయం మొదటిసారి నిజమైంది, అదీ తన కొడుకు మంచితనం వల్ల.

"తియ్. ఇప్పుడే తియ్. అన్నీ తెచ్చి నా చేతికియ్యి."

వాడు అర్థం కాక నిలబడితే యాకూబ్ రెండు ముక్కల్లో చెప్పాడు. మొగులప్ప ఇంక ఆగలేదు. లోపలికి పోయి గొంగడి అంచు పండ్లతో కొరికి విప్పి, అగ్గిపెట్టే బుడ్డీ తెచ్చి ఇచ్చాడు. ఈదమ్మ వాటిని యాకూబ్ చేతిలో పెట్టి, కొడుకు కుడిచెయ్యి పట్టుకుని నెత్తి మీద పెట్టుకుంది. కొంచెంసేపు అట్లాగే ఉంచుకుంది. తర్వాత రెండు చేతులతో ఆ చేతిని ఎత్తి కిందికి దించింది.

"తీసేసిన. నీకు ఒట్టు లేదు. దీపం లేదు. నాకేం గాదు, నేను సావను. ఇన్నవా?"

"ఇన్న." వాడు తల్లి ముఖంలోకి చూశాడు. "మరి గాలి ఎట్ల సూడాలె అమ్మా?"

బస్సులో ఈదమ్మ అడిగిన మాటే. ఆమె కొడుకును దాటి, తలుపులో నిలబడి బీడీ కాలుస్తున్న భిక్షపతి మేస్త్రీ వైపు చూసింది.

"మేస్త్రీ, నువ్ జెప్పు. తొట్టిల దిగే ముంగట గాలి ఎవరు సూస్తరు?"

"అంత పెద్ద కంపినీ తల్లీ. అన్నీ సూస్తరు."

"ఎవరు సూస్తరు? ఎట్ల సూస్తరు?"

"సాబులుంటరు. మిషిన్లుంటయ్. నీకు నాకు తెలుస్తదా?"

"నీకు తెల్వదు. నాకు తెల్వదు. దిగేటోనికి తెల్వదు. మరి బలూచోళ్లు దిగినప్పుడు గా సాబు ఏడుండె?"

మేస్త్రీ బీడీ పారేశాడు. "ఎవడు జెప్పిండు నీకు గా ముచ్చట?" అతని చూపు యాకూబ్ మీద పడింది. "నువ్వా? వంటగిన్నెలు తోముకునేటోడివి, పోరల్ని బెదిరిస్తున్నవా?"

"నేనే జెప్పిన" అన్నాడు యాకూబ్. "ఇద్దరు దిగిండ్రు, ఎక్కలేదు. అడిగినోళ్లను తోలేసిండ్రు. అందుకే ఈళ్లను తీస్కపోతున్నవ్. కాదంటె ఖసం తిను."

కిటికీల్లో నవ్వులు ఆగిపోయాయి. మేస్త్రీ ఒట్టు వేయలేదు. "ఇష్టమున్నోడు రాండ్రి, లేనోడు దిగుండ్రి" అని కేకలేశాడు. "వాడి జంక్షన్ కాడ ఒక్క కూత పెడితె మీ జాగాల నూరు మంది ఎక్కుతరు. ఆడిదాని మాట ఇని బతుకు చెడగొట్టుకుంటరా?"

ఇంజను కూత పెట్టింది. సాయప్ప తన మూట భుజాన వేసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా దిగిపోయాడు. ఇంకొకడు లేచి మళ్లీ కూర్చున్నాడు. ఈదమ్మ మొగులప్ప ముంజెయ్యి పట్టుకుంది. రైలు ఎక్కకుండా పట్టుకుంది.

"దా కొడకా. ఇంటికి పోదాం."

"అమ్మా, ఎనమండుగురున్నరు లోపల" అన్నాడు మొగులప్ప. "ఒక్కడు దిగుతలేడు. దిగరు. ఈళ్లు ఏనాడన్న నీ దీపం లేకుంట బావిల దిగిండ్రా? ఇప్పుడు ఆడికి పోయినంక 'ఆగుండ్రి' అనేటోడు ఎవడుంటడు?"

"నువ్వే ఎందుకుండాలె?"

"ఇంకెవడికి తెలుసు? నేను సూసిన గదా, బాపును." వాడు చెయ్యి విడిపించుకున్నాడు, మెల్లగానే. "నేను అడుగుత. గాలి ఎవరు సూసిండ్రో జెప్పండ్రి, గప్పుడు దిగుతం అంట. రోజూ అంట. తిట్టనీ."

"తోలేస్తర్రా!"

"తోలేస్తె వస్త" అని కదులుతున్న రైలు అందుకుని ఎక్కేశాడు.

ఈదమ్మ నాలుగడుగులు రైలు వెంట నడిచింది. తర్వాత ప్లాటుఫారం అయిపోయింది. గొంగళ్లు, మూటలు, తలలు అన్నీ కలిసిపోయి, అందులో తన కొడుకు తల ఏదో తెలియకుండా పోయింది. వాడికి ఒట్టు తీసేసింది, అగ్గిపెట్టె తీసేసుకుంది. ఇప్పుడు వాడి దగ్గర ఒక్క మాట తప్ప ఏమీ లేదు.

సాయప్ప బండల దొంతర మీద కూలబడి ఉన్నాడు. "నా పెండ్లాం ఏమంటదో అత్తా. పిరికోణ్ని కట్టుకున్ననంటది."

"అననీ. రోజూ అననీ" అంది ఈదమ్మ. "ఇనడానికి నువ్ ఉంటవ్ గదా."

కోస్గి బస్సు ఎక్కేముందు ఆమె స్టేషను బయట ఆగి, కొంగు నెత్తిమీదికి లాక్కుని, రెండు చేతులూ జోడించింది. పెదవులు కదిలాయి. చాలాసేపే మొక్కుకుంది. యాకూబ్ కాస్త దూరంగా నిలబడ్డాడు.

"మైసమ్మకేనా అక్కా? కొడుకు సల్లంగ ఉండాలని?"

"సల్లంగ ఉండాలని ఏండ్లకేండ్లు మొక్కిన. గది సరిపోదు." ఈదమ్మ కండ్లు తుడుచుకుంది. "నోరెక్కువున్నదని, పనికి పనికిరాడని, నా కొడుకును తోలెయ్యాలె. గా బలూచోళ్లను తోలినట్టు, ఎనమండుగుర్ని గూడ పడవల ఏసి తోలెయ్యాలె. యెంత జల్ది తోలేస్తె అంత మంచి యాటను కోస్తనని మొక్కిన."

యాకూబ్ నవ్వలేదు. అరచేతులు పైకెత్తి ముఖానికి తుడుచుకుని "ఆమీన్" అన్నాడు.

బస్సు కదిలింది. సాయప్ప మూట మీద తల వాల్చి నిద్రపోయాడు. ఎల్లగొట్టిన బలూచోళ్ల తల్లులు తన కొడుకును తిడుతుంటారని పొద్దున భయపడింది ఈదమ్మ. ఇప్పుడు వాళ్లు గుర్తొస్తే కడుపులో కొంచెం చల్లగా అయింది. వాళ్ల పిల్లలు ఇండ్లకు చేరారు కదా, కూడు లేకపోయినా కండ్లముందు ఉన్నారు కదా అనుకుంది.

బస్సు సగం దూరం వచ్చాక ఇంకో మాట తోచింది. పాలమూరోళ్లను తోలేస్తే తొట్టి ఊరికే ఉండదు. మేస్త్రీ ఇంకేదో ఊరికి పోతాడు. అక్కడ ఇంకెవరి పిల్లల్నో అడుగుతాడు. వాళ్లకు ఈ సంగతి ఎవరు చెబుతారు? మొక్కులో వాళ్లను కలపడం మరిచిపోయింది. నడుస్తున్న బస్సులోనే చేతులు జోడించింది గానీ, ఏమని మొక్కాలో, ఆ ఊరి పేరేమని చెప్పాలో ఆమెకు తెలియలేదు.